హాలెండు, బెల్జియము: మిల్లులు ఆగిన తరువాత

మిల్లు మూతపడిన ఊరు ఎట్లుండునో షోలాపురములోను, బొంబాయి పరేలులోను కాపురమున్న మన కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. 1982 సమ్మె తరువాత బొంబాయి మిల్లులు ఒకటొకటిగా నిలిచిపోయినప్పుడు మనవారిలో కొందరు భివండి సాంచాలకు పోయినారు, కొందరు స్వగ్రామములకు తిరిగినారు, కొందరు నేతపనియే మానినారు. ఒక ఊరికి వచ్చిన ఈ కష్టము ఒక దేశమంతటికి వచ్చినచో ఆ దేశము ఏ విధముగా బ్రతుకును? అట్టి కష్టము ఒకేకాలమున పడి, వేరువేరు దారులలో తేరుకొన్న రెండు ఇరుగుపొరుగు దేశములను ఈ పాఠమునకు తీసికొన్నాము. అవి ఐరోపాలోని హాలెండు, బెల్జియము.

ఇట్టి దేశములను పరిశ్రమల దశ దాటినవని అందురు. అనగా ఫ్యాక్టరీలు లేనివని కాదు. తాతలు గనులలోను మిల్లులలోను పనిచేయగా, మనుమలు ఆసుపత్రులలో, బడులలో, బ్యాంకులలో, రేవులలో, దుకాణములలో పనిచేయు దేశములని అర్థము. ఈ రెంటిలోను పనిచేయు పదిమందిలో దరిదాపు ఎనిమిదిమంది అట్టివారే. హాలెండు సరియైన పేరు నెదర్లాండ్సు. మనవారికి అలవాటైన పేరునే వాడుచున్నాము. అక్కడి జనసంఖ్య ఇంచుమించు 1 కోటి 80 లక్షలు, బెల్జియములో 1 కోటి 18 లక్షలు. రెండు దేశములను కలిపినను తెలంగాణమంత వైశాల్యము లేదు.

తెలుగు నేతగాండ్రకు ఈ పేర్లు కొత్తవి కావు. 1605లో ఒలందావారు, అనగా ఈ హాలెండు వర్తకులే, మచిలీపట్టణమునకు వచ్చినారు. తరువాత పులికాటులో కోట కట్టినారు. పాలకొల్లులోను, భీమునిపట్టణములోను వర్తకస్థానములు పెట్టినారు. మచిలీపట్టణములోని వలందపాలెము ఆ పేరునే నేటికిని మోయుచున్నది. వారు మన బట్టను ఐరోపాకు మాత్రమే గాక జావా మొదలగు దీవులకు పెద్దయెత్తున చేరవేసి, అక్కడి మిరియములకు, లవంగములకు మార్చుకొన్నారు. ఆ దీవులలో మసాలాదినుసులు కొనుటకు మన బట్టయే నాణెము. జావా సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. కొంతసేపటికి మరల దానియొద్దకే వచ్చెదము.

1815 నుండి 1830 వరకు ఈ రెండు దేశములును ఒకే రాజు క్రింద ఒకే రాజ్యముగా ఉండెను. అప్పుడు యంత్రములు బెల్జియము వైపున, ఓడలు హాలెండు వైపున ఉండెను. బెల్జియములోని గెంటు పట్టణమునకు నూలు వడకు యంత్రము వచ్చిన కథ చిత్రమైనది. ఇంగ్లండు తన యంత్రములను దేశము దాటనీయని కాలములో, 18వ శతాబ్దము ముగియుచుండగా, లీవెన్ బావెన్స్ అను వర్తకుడు మ్యూల్ యంత్రమును విడిభాగములుగా విప్పించి దొంగచాటుగా తెప్పించెను. దొంగసరుకు తెచ్చినవానికి ఆ ఊరివారు విగ్రహము కూడ నిలిపినారు! వెర్వియే అను ఉన్నిపట్టణములో విలియం కాకరిల్ అను ఇంగ్లీషువాడు ఉన్ని వడకు యంత్రములు చేసియిచ్చినాడు. అతని కుమారుడు 1817లో సెరాంగులో ఇనుప కర్మాగారము పెట్టినాడు. బ్రిటను దాటి ఐరోపాలో యంత్రపరిశ్రమ మొదట పాతుకొన్నది ఈ బెల్జియములోనే.

1830లో బెల్జియము విడిపోయినది. హాలెండుకు ఓడలు మిగిలినవి, జావా మిగిలినది, బట్ట నేయు గెంటు మిల్లులు మాత్రము సరిహద్దు అవతలికి పోయినవి. అప్పుడు హాలెండు ప్రభుత్వపు అండ గల వర్తకసంఘ మొకటి, 1824లో స్థాపితమైనది, దేశపు తూర్పుకొననున్న ట్వెంటె అను పేద పల్లెప్రాంతమువైపు చూచినది. అక్కడి రైతులు చలికాలములో ఇంటిమగ్గముపై నేయుచుండెడివారు. 1833లో థామస్ ఎయిన్స్‌వర్త్ అను ఇంగ్లీషువాని చేత గోర్ అను గ్రామములో నేతపాఠశాల పెట్టించి, ఫ్లై షటిల్ మగ్గము నేర్పించినారు. నేర్చినవారికి సంఘమే మజూరీ ఇచ్చి బట్ట నేయించి జావాకు పంపినది. ఎన్షెడె, హెంగెలో, ఆల్మెలో పట్టణములు ఈ విధముగా పెరిగినవి. కొలదికాలములోనే ఇంటిమగ్గములు పోయి ఆవిరిమిల్లులు వచ్చినవి. మన బట్ట ఒకనాడు పోయిన జావాకే ఇప్పుడు ట్వెంటె బట్ట పోవసాగెను. కొన్నది ఎవరి సొమ్ముతో అని విచారించినచో, జావా రైతుల చేత కాఫీ, చెరకు, నీలిమందు బలవంతముగా పండించి గడించిన ధనము హాలెండు ఖజానాకు చేరుచుండెను. ఇది చెప్పక ఆ దేశపు ఐశ్వర్యము చెప్పుట న్యాయము కాదు. బెల్జియమునకును 1960 వరకు కాంగో ఉండెను.

బెల్జియములో యంత్రము వచ్చుట అందరికిని మేలు చేయలేదు. ఫ్లాండర్సు పల్లెలలో అవిసెనార వడకి, ఇంటిమగ్గముపై నారబట్ట నేసి బ్రతుకు లక్షలాది జనము 1840ల నడుమ మిల్లునూలు దెబ్బకు కూలిపోయినారు. అదే సమయమున ఆలుగడ్డ పంటకు తెగులు తగిలెను. ఆకలియు, జ్వరములును కలిసి ఊళ్ళను తినివేసినవి. దక్షిణాన వల్లోనియాలో మాత్రము బొగ్గు, ఉక్కు వెలిగిపోవుచుండెను. శతాబ్దము తరువాత ఈ రెండు భాగముల జాతకములు తారుమారగుట ముందు చూతము.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత కథ వేగముగా నడచినది. 1949లో హాలెండు ఇండోనీషియాకు అధికారము అప్పగించినది. ట్వెంటె బట్టకు శతాబ్దము పైబడి ఆధారమైన అంగడి చేయి జారినది. పైగా అచ్చటి మజూరీలు పెరిగినవి, ఆసియా దేశముల బట్ట చవుకగా దిగినది. 1960లలో స్పెయిను, తుర్కీల నుండి కూలీలను పిలిపించుకొన్న మిల్లులే మరుసటి దశాబ్దములో వారిని బయటికి పంపినవి. గెంటు మిల్లులు, వెర్వియే ఉన్నిమిల్లులు కూడ అదే దారి పట్టినవి. బొగ్గుగనులును నిలువలేదు. హాలెండులో గనులను మూసివేయుదుమని 1965లో మంత్రి డెన్ ఔల్ స్వయముగా గనుల ప్రాంతమునకు పోయి ప్రకటించినాడు. 1974 ఆఖరునకు అన్నియు మూతపడినవి. బెల్జియములో చివరి గని మూతపడునప్పటికి 1992 వచ్చినది.

ఇక్కడనే దారులు చీలినవి. హాలెండు బట్టను ఇంచుమించు విడిచిపెట్టినది. దాని బదులు ఎన్షెడెలో సాంకేతిక విశ్వవిద్యాలయము నెలకొల్పుటకు 1961లోనే నిర్ణయించి, 1964లో పాఠములు మొదలుపెట్టినది. మిల్లులు ఇంకను నడుచుచుండగనే బడి కట్టినారన్నది గమనింపదగినది. గనులసంస్థ రసాయనములవైపు తిరిగినది. 1959లో గ్రోనింగెనులో దొరికిన సహజవాయువు ఖజానా నింపినది. కాని ఆ ధనము వలన నాణెపు విలువ పెరిగి తక్కిన ఎగుమతులు దెబ్బతినగా, ఆ జబ్బుకు లోకమంతట డచ్చి జబ్బు అను పేరే స్థిరపడినది. వాయువు తోడిన చోట భూకంపములు రాగా 2023 అక్టోబరులో ఆ క్షేత్రపు ఉత్పత్తి నిలిపినారు. మునిగిపోవు పరిశ్రమలలో సొమ్ము పోసిన తప్పును హాలెండు కూడ చేయకపోలేదు. ఆర్.ఎస్.వి. అను నౌకానిర్మాణసంస్థ సర్కారు సహాయము ఎంతయో మ్రింగి 1983లో దివాలా తీసినది. ఆపై అట్టి సహాయమునకు ఆ ప్రభుత్వము చేయి ముడుచుకొన్నది.

బెల్జియము ఉక్కు, బొగ్గు, ఓడలు, గాజు, బట్ట అను అయిదు పరిశ్రమలను జాతీయరంగములని పేర్కొని విరివిగా సాయము చేసినది. ఉక్కులో, బొగ్గులో పోసినది చాలవరకు నీటిపాలే. బట్టలో మాత్రము కొంత నిలిచినది. ఫ్లాండర్సు నేతవారు మామూలు గుడ్డను వదలి తివాచీలు, సోఫాగుడ్డలు, పరుపుగుడ్డలు పట్టినారు. అంతకంటె ముఖ్యము, నేయుటతో ఆగక నేయు యంత్రమునే అమ్మినారు. ఈప్రె పట్టణములోని పికనోల్ సంస్థ 1936 నుండి మగ్గములు చేయుచున్నది. కోర్త్రైకులోని వాన్ డె వీలె తివాచీ మగ్గములకు, మఖమలు మగ్గములకు పేరుపడినది. భివండిలో, ఇచల్కరంజిలో సెకండుహ్యాండు రేపియర్ మగ్గము చూచిన మనవారికి పికనోల్ పేరు పరిచయమే. ఒకనాడు దొంగచాటుగా యంత్రము తెచ్చుకొన్న దేశము ఇప్పుడు మనకు యంత్రము అమ్ముచున్నది. హాలెండులో మిగిలిన బట్టలో చెప్పుకోదగినది హెల్మండులోని విలిస్కో వారి మైనపు అద్దకము. 1846లో పుట్టిన ఆ సంస్థ జావా బాతిక్కును అనుకరించుటతో మొదలై నేడు పశ్చిమ ఆఫ్రికా స్త్రీలకు బట్ట అమ్ముచున్నది.

నేటి లెక్కలు చూతము. 2023లో హాలెండు మొత్తము ఉత్పత్తి లక్షకోట్ల డాలర్లను మించినది. బెల్జియముది సుమారు 64 వేల కోట్లు. తలకు పంచినచో హాలెండున 64 వేల డాలర్ల దరిదాపు, బెల్జియమున 55 వేలు. పైచూపునకు డచ్చివాడు ఎక్కువ నైపుణ్యము గలవాడని తోచును. అది పొరపాటు. ఒక గంట పనిలో పుట్టు విలువ లెక్కించినచో ఇద్దరును ఇంచుమించు సమానులు. భేదమంతయు పనిలో ఎందరున్నారు అనుటలో ఉన్నది. 20 నుండి 64 ఏండ్ల వయసువారిలో హాలెండున నూటికి 83 మంది పనిచేయుచుండగా బెల్జియమున 72 మంది మాత్రమే. మన భాషలో చెప్పినచో, రెండిండ్లలోను మగ్గము ఒకే వడిన నడచుచున్నది. ఒక ఇంట ఎక్కువ మగ్గములు ఆడుచున్నవి.

ఈ భేదమునకు మూలము 1982 నవంబరులో హాలెండున కుదిరిన వాసెనార్ ఒప్పందము. కార్మికసంఘముల నాయకుడు విమ్ కోక్ కూలి పెంపుదలలో పట్టు సడలించినాడు. యజమానులు పనిగంటలు తగ్గించి ఎక్కువమందికి పని పంచుటకు ఒప్పుకొన్నారు. అటుపిమ్మట సగము పనివేళ ఉద్యోగములు, అందును స్త్రీలకు, విస్తారముగా పెరిగినవి. నేడు అచ్చట పనివారిలో నూటికి 40 మందికి పైగా పూర్తివేళ పనిచేయనివారే. ఐరోపాలో మరెక్కడను ఇంత లేదు. బెల్జియములో ధరలు పెరిగినచో జీతము తనంతట పెరుగు పద్ధతి నిలిచియున్నది. 2023 జనవరిలో ఆ లెక్కన లక్షలాది ఉద్యోగుల జీతములు ఒక్కమారుగా 11 శాతము పెరిగినవి. పని పోయిన పెద్దవారిని ముందుగనే పింఛనుతో ఇంటికి పంపు పద్ధతి కూడ అక్కడ బలముగా సాగినది. ఇంటికి పోయినవారు పస్తులుండలేదు, కాని చేతిలోని పని మరియొకరికి నేర్పకుండనే పోయినది. ఆకలి తీర్చుటలో బెల్జియము పద్ధతిని తక్కువ చేయలేము. ఆదాయములలో హెచ్చుతగ్గులు అతి తక్కువగానున్న ఐరోపా దేశములలో అది ఒకటి.

ఆ ఖర్చు అప్పులో కనబడును. దేశపు ఏడాది ఉత్పత్తి 100 అనుకొన్నచో బెల్జియము సర్కారు అప్పు 100 దాటియున్నది. 1993 ప్రాంతమున 130 కూడ దాటినది. హాలెండు అప్పు 45కు అటు ఇటు. అయితే ఇంటిలోపలికి తొంగిచూచినచో బొమ్మ తిరుగబడును. డచ్చి కుటుంబములు ఇంటి తాకట్టు అప్పులో ఐరోపాలోనే ముందువరుసలో నున్నవి. వారి పింఛనునిధులలో దేశపు ఏడాది ఆదాయమును మించిన ధనమున్నను, వృద్ధాప్యము వరకు అది చేతికి రాదు. సర్కారు అప్పు చూచి దేశమును పేద అనుటయు, సర్కారు తేలికగానున్నదని ఇల్లు సుఖముగానున్నదనుటయు రెండును తొందరపాటు మాటలే.

మరొక జాగ్రత్త కూడ అవసరము. బెల్జియము లెక్క అనునది రెండు దేశముల సగటు వంటిది. 1840లలో ఆకలితో మాడిన ఫ్లాండర్సు నేడు సంపన్నము. బొగ్గుతో వెలిగిన వల్లోనియాలో నిరుద్యోగము హెచ్చు. ఆంట్‌వర్ప్ రేవు, లూవెనులో 1984లో మొదలైన ఐమెక్ పరిశోధనాలయము, ప్యూర్సులోని మందుల కర్మాగారము ఉత్తరభాగమునే ఉన్నవి. ఫ్లాండర్సుకును భరోసా లేదు; 2014లో గెంకులోని ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ మూతపడినది. హాలెండులో అదే 1984లో ఫిలిప్సు సంస్థ పంచన పుట్టిన ఎ.ఎస్.ఎం.ఎల్. నేడు లోకమంతటికి చిప్పులు చేయు యంత్రములు అమ్ముచున్నది. కాని అది ఐండ్‌హోవెను ప్రక్కన ఉన్నది. ఎన్షెడెకు అంత అదృష్టము పట్టలేదు, గనులు మూసిన హీర్లెనుకు అసలే లేదు.

గెంటులో ఒక పాత నూలుమిల్లును, టిల్బుర్గులో ఒక పాత ఉన్నిమిల్లును ప్రదర్శనశాలలుగా చేసినారు. టిల్బుర్గులో మగ్గములను అద్దాలలో పెట్టలేదు. అవి నడచుచున్నవి, కళాకారులు వచ్చి అక్కడి నేతగాండ్ర సాయముతో కొత్త బట్ట నేయించుకొనుచున్నారు. బెల్జియములో 2025లో ఏర్పడిన ప్రభుత్వము, అంతవరకు కాలపరిమితి లేక సాగిన నిరుద్యోగభృతిని 2026 నుండి హెచ్చులో హెచ్చు రెండేండ్లకు కుదించ నిర్ణయించినది. పొరుగుదేశములో 1982లో మొదలైన బేరము ఇచ్చట ఇప్పుడు మొదలైనట్లున్నది. ఒక తేడా మాత్రము కలదు: అక్కడ కార్మికసంఘములు సంతకము చేసినవి, ఇక్కడ అవి సమ్మెలు చేయుచున్నవి.