ఇరుసులో ఆయిలు చూశారా?

చాట్రాయి మామిడికి పేరున్న ప్రాంతం. నూజివీడు, విస్సన్నపేట, ముసునూరు... చుట్టూ ఎటు చూసినా తోటలే. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ పండుతాయి. ఏప్రిల్ వచ్చిందంటే కోతలు ఊపందుకుంటాయి. మే నెలంతా రోడ్ల మీద కాయల బండ్లే. కొన్ని నూజివీడు పోతాయి. కొన్ని విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్టుకు పోతాయి.

కోసిన కాయ మన కోసం ఆగదు. ఎండలో బండి ఆగిపోతే కాయ మెత్తబడుతుంది. ధర పడిపోతుంది. అందుకే కోతల కాలంలో చెట్టు ఎంత ముఖ్యమో బండీ అంత ముఖ్యం.

ఒక ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళ పొదుపు సంఘం ఉందనుకుందాం. వాళ్ళు అప్పు తీసుకుని పాత పికప్ బండి కొన్నారు. సంఘంలో ఒకామె కొడుకు నడుపుతున్నాడు. నెల తిరక్కుండానే బండి వెనకనుంచి 'ఊ...' అని రొద మొదలైంది.

"ఏంట్రా అబ్బాయ్, ఆ చప్పుడు?" అని అడిగింది పెద్దామె.

"పాత బండి కదా పెద్దమ్మా. అట్టాగే ఉంటది."

"అట్టాగే వదిలేసి కోతల్లో ఆగిపోతే కిస్తీ ఎవరు కడతారు? పద, మేస్త్రికి చూపిద్దాం."

మేస్త్రి బండి కిందికి వంగి చూశాడు. "అమ్మా, ఇది ఇంజను చప్పుడు కాదు. వెనక ఇరుసు డబ్బాలో ఆయిలు తగ్గినట్టుంది. ఎప్పుడు మార్చారు?" అన్నాడు.

ఎవరికీ తెలియదు. అమ్మినాయన చెప్పలేదు. వీళ్ళు అడగలేదు.

ఆ డబ్బా ఏం చేస్తుంది?

పికప్ బండికి ఇంజను ముందు ఉంటుంది. బండిని తోసేవి వెనక చక్రాలు. ఇంజను వైపు నుంచి ఒక పొడుగాటి ఇనప గొట్టం తిరుగుతూ వెనక్కి వస్తుంది. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయ లాంటి ఇనప డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో ఉన్నదే డిఫరెన్షియల్.

లోపల పళ్ళ చక్రాలు ఉంటాయి. చిన్నదాన్ని పినియన్ అంటారు. పెద్దదాన్ని క్రౌను అంటారు. గొట్టం చిన్నదాన్ని తిప్పుతుంది. చిన్నది పెద్దదాన్ని తిప్పుతుంది. ఆ బలం రెండు వైపులా చక్రాలకు పోతుంది.

ఇంకో పని కూడా ఉంది. పూర్వం కళ్ళంలో ఎడ్లతో బంతి తిప్పేవాళ్ళు. రాట పక్కనున్న ఎద్దు కొద్ది దూరమే నడిచేది. చివరనున్న ఎద్దు ఎక్కువ దూరం నడిచేది. బండి మలుపు తిరిగినా అంతే. లోపలి వైపు చక్రం తక్కువ తిరగాలి. బయటి వైపు చక్రం ఎక్కువ తిరగాలి.

ఎడ్ల బండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు దేనికది తిరుగుతాయి. మోటారు బండిలో రెండింటినీ ఇంజనే తిప్పాలి. అయినా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలి. ఈ సర్దుబాటు చేసేది డిఫరెన్షియలే. ఫ్రాన్సు దేశంలో పెకర్ అనే ఆయన సుమారు 200 ఏళ్ళ కిందట ఆవిరి బండి కోసం ఇలాంటిది తయారు చేశాడు. ఇప్పటి పికప్ బండ్లలోనూ ఇదే కిటుకు.

ఆయిలు ఎందుకు?

తిరగట్లో గింజలు పొయ్యకుండా తిప్పితే ఏమవుతుంది? రాయీ రాయీ రాసుకుని అరుగుతాయి. డబ్బాలో ఆయిలు లేకపోయినా అంతే. ఇనప పళ్ళు రాసుకుంటాయి. వేడెక్కుతాయి. అరుగుతాయి. చివరికి ఒక పన్ను విరుగుతుంది. విరిగిన ముక్క మిగతా పళ్ళ మధ్య పడి వాటినీ విరుస్తుంది. బండి రోడ్డు మీద నిలబడిపోతుంది.

ఇందులో పోసేది ఇంజను ఆయిలు కాదు, గేరు ఆయిలు. ఇది చిక్కగా ఉంటుంది. ఘాటు వాసన వేస్తుంది. చాలా బండ్లకు డబ్బా మీద '80 డబ్ల్యు 90' అనో, '90' అనో, 'జి.ఎల్. 5' అనో రాసి ఉన్నది వాడతారు. మన బండికి ఏది, ఎన్ని లీటర్లు అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్ని చూసే కొనాలి. పాత బండి కొన్నప్పుడు పాత ఆయిలు ఎప్పటిదో తెలియదు. కాబట్టి కొన్న వెంటనే మార్చడం మేలు.

మార్చే పద్ధతి

1. ముందు బండిని కాసేపు నడపాలి. ఆయిలు వేడెక్కి పలచబడుతుంది. తేలిగ్గా కారుతుంది. మరీ కాలేటంత వేడిగా ఉంటే కొంచెం ఆగాలి.

2. బండిని చదునైన నేల మీద ఆపాలి. ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కింద దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది.

3. డబ్బాకు రెండు బోల్టులు ఉంటాయి. పైది ఆయిలు పోసేది. కిందిది ఆయిలు వదిలేది. ముందు పై బోల్టు విప్పాలి. ఎందుకు? కిందిది విప్పి ఆయిలంతా వదిలేశాక పైది బిగుసుకుపోయి రాకపోతే? కొత్త ఆయిలు పొయ్యలేం. బండి కదలదు.

4. కింద పళ్ళెం పెట్టి, కింది బోల్టు విప్పాలి. ఆయిలు పూర్తిగా కారనివ్వాలి.

5. బోల్టులు శుభ్రంగా తుడవాలి. వాషరు పాడైతే కొత్తది వెయ్యాలి. కింది బోల్టు బిగించాలి.

6. పై రంధ్రంలోంచి కొత్త ఆయిలు పొయ్యాలి. చాలా బండ్లలో ఆయిలు రంధ్రం అంచుదాకా వచ్చి కారబోతుంటే నిండినట్టే. అప్పుడు పై బోల్టు బిగించాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. ఎక్కువైన ఆయిలు సీళ్ళలోంచి బయటికి తోసుకొస్తుంది.

7. పాత ఆయిలు కాలవలో, చేలో పొయ్యవద్దు. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇవ్వాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పాత ఆయిలు ఏం చెబుతుంది?

మేస్త్రి పాత ఆయిలు పారబోసే ముందు మనం చూడాలి. అందులో బండి ఆరోగ్యం తెలుస్తుంది.

నల్లగా ఉంటే పాతబడింది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. వేడి ఇరుసు వాగు నీళ్ళలో మునిగితే లోపలికి నీరు చేరవచ్చు. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద కాటుక లాంటి మెత్తని పొడి అంటుకుంటుంది. కొద్దిగా ఉంటే భయం లేదు. గోటికి తగిలే ఇనప ముక్కలుంటే ప్రమాదం. డబ్బా విప్పి చూడాల్సిందే.

ఇరుసు పైన చిన్న గాలి గొట్టం ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే లోపలి వేడి గాలికి దారి ఉండదు. అది ఆయిలును సీళ్ళలోంచి చక్రాల వైపు తోస్తుంది. ఆయిలు బ్రేకుల్లోకి పోతే బ్రేకు పట్టదు. అందుకే చక్రం లోపలి వైపు ఆయిలు తడి కనిపిస్తే బండి నడపవద్దు.

మన సంఘం బండిలో ఆయిలు సగమే ఉంది. నల్లగా ఉంది. ఇనప ముక్కలు లేవు. గాలి గొట్టం మూసుకుపోయింది. మేస్త్రి సీలు మార్చాడు, గొట్టం శుభ్రం చేశాడు, కొత్త ఆయిలు పోశాడు. రొద తగ్గింది. పూర్తిగా పోలేదు.

"అరిగిన పన్ను మళ్ళీ మొలవదమ్మా. కానీ ఇప్పుడు జాగ్రత్త పడితే ఇంకా చాలా కాలం పనికొస్తుంది," అన్నాడు మేస్త్రి.

ఇదే ఆలస్యమైతే? క్రౌను, పినియన్ రెండూ మార్చాలి. వాటికోసం విజయవాడ ఆటోనగర్ దాకా పోవాల్సి రావచ్చు. ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. బండి మూలన పడ్డ రోజుల బాడుగ కూడా పోతుంది.

లెక్క చూద్దాం

ఎక్కువ బరువు వేసినా పళ్ళు విరుగుతాయి. బండి ఎంత మొయ్యగలదో ఆర్.సి.లో ఉంటుంది. ఒక బండి మొత్తం బరువు 2,800 కిలోలు, ఖాళీ బరువు 1,600 కిలోలు అనుకుందాం.

2,800 - 1,600 = 1,200 కిలోలు
ఇద్దరు మనుషులు = 120 కిలోలు
1,200 - 120 = 1,080 కిలోలు

కాయలతో కలిపి ఒక ట్రే 24 కిలోలైతే 45 ట్రేలు వెయ్యవచ్చు. "ఇంకో ఇరవై వెయ్యండి" అని ఎవరన్నా అంటే ఈ లెక్క చూపించాలి.

పుస్తకంలో రాయండి

బండి ఎవరు నడిపినా, ఎవరు బాగుచేసినా, యజమానులు సంఘం వాళ్ళే. కాబట్టి ఒక పుస్తకం పెట్టాలి. ఆయిలు మార్చిన తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, ఆయిలు రకం, ఎన్ని లీటర్లు, ఖర్చు రాసుకోవాలి. మేస్త్రి ఇచ్చిన చీటీ చదివి అందులో అతికించాలి. కోతలు మొదలయ్యే ముందు, మార్చి నెలలో ఒకసారి ఆయిలు మట్టం చూడాలి.

కొత్త మాటలు

డిఫరెన్షియల్, క్రౌను, పినియన్, గేరు ఆయిలు, వాషరు, సీలు, అయస్కాంతం

జవాబులు చెప్పండి

1. మలుపులో ఏ చక్రం ఎక్కువ తిరుగుతుంది?
2. ముందు పై బోల్టే ఎందుకు విప్పాలి?
3. ఆయిలు కాఫీ రంగులో ఉంటే ఏమి జరిగినట్టు?
4. ఒక ట్రే 27 కిలోలైతే 1,080 కిలోలకు ఎన్ని ట్రేలు?

చేసి చూడండి

మీ ఊళ్ళో ఎవరి బండినైనా అడిగి చూడండి. వెనక ఇరుసు డబ్బా ఎక్కడుందో గుర్తించండి. ఆర్.సి.లో ఖాళీ బరువు, మొత్తం బరువు చదివి మీ పుస్తకంలో రాయండి.