ఉపాధ్యాయులకు వెబినార్: ముందు పని, తర్వాత పని



వెబ్, సెమినార్ అనే రెండు మాటలు కలిసి వెబినార్ అయింది. ఎవరి ఇంట్లో వారు కూర్చుని ఇంటర్నెట్ ద్వారా జరుపుకునే సదస్సు అన్నమాట. 2020లో కరోనా వల్ల బళ్ళు మూతపడినప్పుడు ఈ మాట మన తొండియార్‌పేట ఇళ్ళలోకీ వచ్చింది. బళ్ళు తెరిచాక చాలామంది మరచిపోయారు. మన తెలుగు టీచర్లు మాత్రం మరువకూడదని నా అభిప్రాయం.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుండి తప్పనిసరి పాఠ్యాంశమై, ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి 2015-16లో పదో తరగతికి చేరింది. తమిళం నేర్వడం మంచిదే, ఈ ఊళ్ళో బతికేవారికి అవసరం కూడా. అయితే నాకు తెలిసిన బళ్ళలో తెలుగు చెప్పే టీచరు ఒక్కరే ఉంటున్నారు. లెక్కల టీచరుకు సందేహం వస్తే పక్క గదిలో ఇంకో లెక్కల టీచరు ఉంటారు. తెలుగు టీచరమ్మ ఎవరిని అడగాలి? ఉదాహరణకు తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. రెండు లిపులూ ఒకేసారి నేర్చుకునే పిల్లవాడు 'గంట' అని చక్కగా పలికి 'కంట' అని రాస్తాడు. విజయవాడలో పాఠం చెప్పే టీచరుకు ఈ చిక్కు ఉండదు. రాయపురం టీచరుకు ఉంటుంది, హోసూరు టీచరుకూ ఉంటుంది. హోసూరు మనకు 300 కిలోమీటర్ల పైమాట. వీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలంటే వెబినార్ కన్నా సులువైన దారి నాకు తోచలేదు.

దూరం నుండి టీచర్లకు శిక్షణ ఇవ్వడం కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికావారి ఉపగ్రహం సాయంతో మన దేశంలో 'సైట్' అనే టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆ ప్రయోగంలో భాగంగా వేలాది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో 12 రోజుల శిక్షణ ఇచ్చారు. టీవీ చూపించి ఇంటికి పంపేయలేదు. రేడియో కార్యక్రమం, అచ్చు పుస్తకం, చేతితో చేసే ప్రయోగాలు, తోటివారితో చర్చ, అన్నీ కలిపి నడిపారు. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం మన పక్కనున్న శ్రీహరికోట నుండి ఎగిరింది. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వపు 'నిష్ఠా' శిక్షణ ఆన్‌లైన్ పద్ధతిలో మొదలైనప్పుడు, తొలి విడత ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది ముఖ్య శిక్షకులకే జరిగింది. అప్పుడూ వీడియోలు, పాఠాలు, ప్రత్యక్ష ప్రసంగాలు కలిపే ఇచ్చారు. ఉపన్యాసం అందులో ఒక భాగం మాత్రమేనని గమనించగలరు.

ఇది తెలియక 2020లో మేము కొందరం కలిసి జరిపిన మొదటి వెబినార్ నవ్వులపాలైంది. స్వాగతం, అతిథి పరిచయం, శాలువా లేని సన్మానం ముగిసేసరికి అరగంట అయింది. వక్త గొంతు సవరించుకుని నాలుగు మాటలు చెప్పారో లేదో, తెర ఖాళీ! జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలే ఉంటుందన్న నిబంధన మాలో ఎవరూ చదవలేదు. బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా నిబంధనలు చదివి సంతకం పెట్టమని ఖాతాదారులకు చెప్పినవాణ్ణి నేనే.

ఆ తర్వాత నేర్చుకున్నది చెబుతాను. విషయం చిన్నదిగా ఉండాలి. 'తెలుగు బోధన' అంటే సముద్రం. 'మూడో తరగతిలో క, గ తేడా ఎలా నేర్పాలి' అంటే ఒక గంటకు సరిపోతుంది. వారం ముందే టీచర్ల నుండి ప్రశ్నలు తెప్పించాలి, వీలైతే పిల్లలు తప్పు రాసిన పేజీ ఫోటో కూడా. పిల్లల పేర్లు మాత్రం కనిపించకూడదు. రాత్రి ఏడు గంటలు పెట్టకండి. టీచర్లలో ఎక్కువమంది అమ్మలు, అప్పుడు పొయ్యి దగ్గర ఉంటారు. శనివారం మధ్యాహ్నం నయం. వక్తకు పదిహేను నిమిషాలు చాలు. మిగతా సమయం టీచర్లదే. 2020లో సర్టిఫికెట్టు కోసం లాగిన్ అయి, ఫోను గట్టు మీద పెట్టి పప్పుకు పోపు వేసుకున్నవారిని నేనెరుగుదును. వారిని తప్పుపట్టను, వారిని మాట్లాడమని ఎవరూ అడగలేదు కదా.

తెర మీద చూపే పేజీలు ఫోనులో చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోకపోతే వేరే కంప్యూటరులో తెలుగు ఒత్తులు విడిపోయి ఊరంతా తిరుగుతాయి. నడపడానికి కనీసం ముగ్గురు కావాలి. ఒకరు మాట్లాడిస్తారు, ఒకరు లోపలికి రానిస్తూ అనవసరపు మైకులు ఆపుతారు, మూడోవారు లింకు తెరుచుకోనివారి ఫోన్లు ఎత్తుతారు. మొదటి ఇద్దరూ వేర్వేరు ఇళ్ళలో, వేర్వేరు కనెక్షన్లపై ఉండాలి. ఒకచోట కరెంటు పోతే రెండోవారు నడిపిస్తారు. రికార్డు చేసేటట్లయితే ముందుగా అందరి అనుమతి అడగాలి.

అసలు లెక్క తర్వాత ఉంటుంది. బ్యాంకులో సాయంత్రం నగదు టాలీ కాకపోతే మాకు ఇంటికి వెళ్ళడం ఉండేది కాదు. అలాగే ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీస్తాను. పిలిచినవారు, వచ్చినవారు, చివరిదాకా ఉన్నవారు, రెండు వారాల్లో తరగతిలో ప్రయత్నించి చూసినవారు. మొదటి మూడు గడులూ నిండి నాలుగోది ఖాళీగా ఉంటే ఆ వెబినార్ టాలీ కాలేదని అర్థం. నాలుగో గడిలో పేరున్నవారిని తర్వాతి వెబినార్‌లో వక్తలుగా పిలుస్తాం. శాలువా వక్తల కన్నా వీరి మాటే టీచర్లు బాగా వింటారు.

ఉపకార వేతనం తీసుకునే కాలేజీ పిల్లలకు ఇందులో పని ఉంది. పైన చెప్పిన రెండో, మూడో మనుషులు మీరే కావచ్చు. నా వయసువాడికి మైకు ఆపే గుర్తు వెతుక్కునేసరికి ప్రశ్న అయిపోతుంది. తల్లిదండ్రులు తమ పిల్లల బడిలోని తెలుగు టీచరును అడిగి, వారు సరేనంటే వారి నంబరు, శనివారం ఖాళీగా ఉండే వేళ ఒక చీటీ మీద రాసి, రెన్యువల్ దరఖాస్తుతో పాటు కార్యాలయంలో ఇవ్వగలరు.