తిన్నని పైపు: దాచుకోవడానికి చోటులేని ఆకారం

ముందే చెప్పేస్తాను, నేను పొగ తాగను. చుట్ట మానలేకపోయిన మా తాతయ్య చివరి రోజుల్లో ఊపిరి కోసం పడ్డ పాట్లు చూసినవాణ్ణి. పైపు పొగ కూడా క్యాన్సర్ తెచ్చేదే. కాబట్టి ఈ వ్యాసం పొగ గురించి కాదు, పైపు ఆకారం గురించి.

పైపులు సేకరించేవాళ్ల అల్మారాల్లో రకరకాలు కనిపిస్తాయి. హంస మెడలా వంగినవి, పువ్వులా విచ్చుకున్నవి, మనిషి తల చెక్కినవి. అయినా వాళ్లలో చాలామంది మళ్లీ మళ్లీ వెతుక్కునేది అతి సాదా ఆకారాన్ని. నిలువుగా ఒక గిన్నె, దాని అడుగు నుంచి పక్కకి తిన్నగా ఒక గొట్టం, అంతే. దాని పేరు బిలియర్డ్. ఇందులో అంత ఏముంది?

మొదట భాగాలు చూద్దాం. పొగాకు నింపేది బౌల్. దానితో ఒకే చెక్కలో ఉండే కాడ షాంక్. నోట్లో పెట్టుకునే నల్లటి ఎబొనైట్ ముక్క స్టెమ్. చెక్క పేరు బ్రయర్. మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద మొదట్లో, నేలలో దాగి ఊరే గడ్డ అది. వేడికి తట్టుకుంటుంది, తొందరగా కాలదు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లోడ్ ఊరు ఈ పైపులకు కేంద్రమైంది. తర్వాత ఇంగ్లండ్ కంపెనీలు ఈ సాదా ఆకారాలకు పేరు తెచ్చాయి. లండన్‌లో ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో పొగాకు దుకాణం తెరిచి, 1910లో సొంతంగా పైపుల తయారీ మొదలుపెట్టాడు.

తిన్నని ఆకారాల్లో ఒక కుటుంబం మనకి బాగా నచ్చుతుంది, ఎందుకంటే అది అచ్చం ట్రూత్ టేబుల్. బిలియర్డ్ కాడని పొడుగు చేసి, స్టెమ్‌ని పొట్టిగా చేయండి. ఇప్పుడు రెండే ప్రశ్నలు: కాడ అడ్డుకోత గుండ్రమా, కోలగానా? స్టెమ్ క్రమంగా సన్నబడుతుందా, లేక మొదట్లోనే జీనులా ఒక్కసారి దిగిపోతుందా?

గుండ్రం, క్రమంగా సన్నబడితే లివర్‌పూల్.
గుండ్రం, జీను అయితే లోవట్.
కోల, క్రమంగా సన్నబడితే కెనేడియన్.
కోల, జీను అయితే లంబర్‌మన్.

రెండు బిట్లు, నాలుగు పేర్లు. ఇంత చిన్న తేడాకి వేరే పేరు పెట్టుకున్నారంటే ఆ కళ్లు ఎంత నిశితంగా చూస్తున్నాయో ఆలోచించండి.

పోనీ, తిన్నని పైపు వాడకంలో సుఖమా అంటే, అదీ కాదు. పళ్లతో పట్టుకుంటే గిన్నె బరువు నోటికి దూరంగా ఉంటుంది, మొమెంట్ ఎక్కువ. వంపు పైపులో గిన్నె గడ్డం దగ్గరికి వస్తుంది కాబట్టి పళ్లకి శ్రమ తక్కువ. తిన్నని దానికి ఉన్న లాభం, పొగదారి ఒకే గీతలో ఉండటం. శుభ్రం చేసే తీగ ఆ చివరి నుంచి ఈ చివరికి ఇట్టే వస్తుంది. కానీ ఆ ఒక్కదాని కోసమే ఇంత మోజు పుట్టదు.

నాకు అర్థమైనంతవరకు అసలు కారణం వేరు. ఈ ఆకారంలో తప్పు దాచుకోవడానికి చోటు లేదు.

లేత్ మీద పనిచేసినవాళ్లు ఊహించండి. గిన్నెను తిప్పి పైభాగం కోయొచ్చు. కానీ పక్కకి కాడ పొడుచుకొచ్చి ఉంది కదా, టూల్‌కి అడ్డం తగులుతుంది. గిన్నె అడుగు, గిన్నె కాడని కలిసే మలుపు విడిగా దిద్దాల్సిందే. అక్కడ అర మిల్లీమీటరు ఎక్కువ అరిగినా కాడ వంగినట్టు కనిపిస్తుంది. పొగదారి రంధ్రం సరిగ్గా గిన్నె అడుగున తేలాలి. పైన తేలితే అడుగున కాలని తడి పొగాకు మిగిలిపోతుంది. కాడ, స్టెమ్ కలిసే చోట గోరు తగలకూడదు.

చెక్కతో ఇంకో చిక్కు. బ్రయర్ లోపల ఇసుక, చిన్న గుంతలు ఉంటాయి. కోస్తేగానీ బయటపడవు. 1950ల నుంచి డెన్మార్క్‌లో సిక్స్‌టెన్ ఐవర్సన్ లాంటి కళాకారులు చెక్కలోని చారలు ఎటు పోతే ఆకారాన్ని అటు మలిచారు. అది గొప్ప విద్యే. గుంత వస్తే వంపు మార్చుకునే వీలుంది. బిలియర్డ్ చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఆకారం ముందే నిర్ణయమైపోయింది, చెక్కే ఒప్పుకోవాలి. అందుకే పుట్టీ పూయకుండా, నున్నగా, చారలన్నీ నిలువుగా ఉన్న బిలియర్డ్ దొరికితే ధర పలుకుతుంది. ఒక్కసారి కూడా వెలిగించని పాత పైపుకి ఇంకా ఎక్కువ గిరాకీ. అంటే ఆ వస్తువు తన పని నుంచి విడివడి, ఉత్త ఆకారంగా నిలబడిందన్నమాట. నాలాంటివాడు దాన్ని మెచ్చుకోగలిగేది కూడా అందుకే.

ఈ సంగతి వాస్తుశిల్పులకీ తట్టింది. తర్వాత చండీగఢ్‌కి రూపమిచ్చిన ల కార్బూజియే 1923లో కొత్త వాస్తుకళ మీద వేసిన పుస్తకంలో చివరి బొమ్మ ఏ భవనానిదో కాదు, ఒక బ్రయర్ పైపుది.

మన క్లబ్బు సభ్యులకి ఇది కొత్తేమీ కాదు. "కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్నారు. కందంలో నాలుగు మాత్రల గణాలే పట్టాలి, ఆరో గణం నలమో జగణమో కావాలి. అందరికీ అవే నియమాలు కాబట్టే ఎవరి చెయ్యి ఎంత తిరిగిందో పోల్చగలం. నూరేళ్లకి పైగా ఎందరో చేసిన బిలియర్డ్‌లని పక్కపక్కన పెట్టినా అంతే. ఒకరి గిన్నె నడుము దగ్గర వెంట్రుకవాసి ఉబ్బు, ఇంకొకరి కాడ కాస్త సన్నం. ఆకారం ఒకటే కాబట్టే మనిషి కనిపిస్తాడు.

మన ప్రాజెక్టుల్లో జాయింట్ సరిగ్గా కుదరకపోతే దాని మీద స్టిక్కరో, ఎల్‌ఈడీ దీపమో అంటించడం మనకి అలవాటే. ఈసారి వర్క్‌షాప్‌లో ఆ అలంకారాలన్నీ పక్కన పెట్టి, ఒక గొట్టం ఒక గిన్నెని కలిసే ఆ ఒక్క మూలని దిద్ది చూడండి. బిలియర్డ్ ఎందుకంత కష్టమో మీ వేళ్లకే తెలుస్తుంది.