దడుపు మనిషి దెయ్యాల తోటకు వెళ్లాలంటే

రెడ్డిగూడెం
అక్టోబరు 5

చిట్టితల్లిని తాతయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరూ క్షేమం. వానలు వెనకబట్టాయి, మామిడి తోటల్లో కలుపు దున్నిస్తున్నారు. మీ అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయి.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి తాతయ్య మనసులోనే తిరుగుతోంది. న్యూజెర్సీలో మీ క్లాసు పిల్లలంతా కలిసి ఊరి బయట ఏదో ఫారంలో పెట్టిన హాలోవీన్ దెయ్యాల ఇంటికి వెళ్తున్నారని, నీకు టికెట్ కూడా కొనేశారని, వెళ్తే కెవ్వుమని అరిచి పరువు పోగొట్టుకుంటానేమో, మానితే అందరూ నవ్వుతారేమోనని నిద్ర పట్టడం లేదని అన్నావు. ఫోనులో సగం మాటలు గాలికి పోతాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట. దడుచుకోవడం తప్పు కాదు, లోపం అంతకన్నా కాదు. చెవి పక్కన పెద్ద చప్పుడైతే మనిషి రెప్ప పడటం సెకనులో పదో వంతు గడవకముందే జరిగిపోతుంది. ఆలోచన అందుకోక ముందే మెడ కండరాలు బిగుస్తాయి, భుజాలు పైకి లేస్తాయి. ధైర్యస్తుడికీ ఇంతే. కొందరిలో ఆ అదురు తొందరగా సర్దుకుంటుంది, కొందరిలో అడ్రినలిన్ పొంగి గుండె దడ చాలాసేపు ఆగదు. నువ్వు రెండో రకం. మీ అమ్మా అంతే, తాతయ్యా అంతే.

తాతయ్యకు ఎనిమిదేళ్లప్పుడు ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేశారు. పక్కనున్న మైలవరంలో జమీందారు పోషించిన నాటక సమాజం ఒకప్పుడు ఎంతో పేరు మోసింది. ఆ గాలి సోకి ఈ చుట్టుపక్కల ఊళ్లకు నాటకమంటే ప్రాణం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోని కాటి సీనుకు జాషువా గారి శ్మశానం పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ. జనం ఆ సీను కోసమే అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చునేవాళ్లు. వెలుగుతున్న రెండు పెట్రోమాక్స్ లైట్లలో ఒకదాన్ని దించేశారు. ఎర్ర కాగితం చుట్టిన లాంతరు చితిమంట అయింది. ఒంటినిండా మసి పూసుకుని, దుడ్డుకర్ర నేలకేసి కొడుతూ కాటికాపరి వీరబాహుడు వచ్చి ఒక్క కేక వేశాడు. ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడు నాయనమ్మ కొంగులో దూర్చిన తల మళ్లీ బయటికి తియ్యలేదు.

నాటకం అయ్యేసరికి తూరుపు తెల్లబడుతోంది. వెక్కిళ్లు పెడుతున్న పిల్లవాణ్ణి వాళ్ల నాన్న చేయి పట్టుకుని స్టేజీ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ నూతిగట్టు మీద కూర్చుని వీరబాహుడు కొబ్బరినూనె రాసుకుంటూ పాత గుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు. సగం ముఖం కాటికాపరిది, సగం మామూలు మనిషిది. పిల్లవాణ్ణి చూసి, "రావయ్యా, ఈ పక్క నువ్వు తుడువు" అని గుడ్డ చేతికిచ్చాడు. తుడుస్తుంటే మసి కింద చామనఛాయ చెంప, దాని మీద మశూచి మచ్చలు కనిపించాయి. గొంతు కూడా మెత్తగా, రాత్రంతా పాడి బొంగురుపోయి ఉంది. మరుసటి ఏడు అదే నాటకం వేస్తే పిల్లవాడు ముందు వరసలో కూర్చున్నాడు. కేక పడగానే మళ్లీ దడుచుకున్నాడు, కానీ తల దాచుకోలేదు. మసి వెనక ఆ చెంప ఎక్కడుందా అని వెతుక్కున్నాడు.

నువ్వూ ముందు స్టేజీ వెనక్కి వెళ్లిరా, తల్లీ. అలాంటి చోట్ల పొగ ఎలా వదులుతారో, వేషాలు ఎలా కడతారో చూపించే వీడియోలు బోలెడు ఉంటాయి. అవి పగటిపూట చూడు. పొగ యంత్రంలో పోసే ద్రవంలో ఎక్కువ భాగం నీళ్లే. మెడ మీద తగిలే చల్లటి ఊపిరి కంప్రెసర్ గాలి. రంపం పట్టుకుని తరిమేవాడి చేతిలో మోటారు మోత నిజమే గానీ, పళ్ల గొలుసు ముందే తీసేసి ఉంటుంది. ఇవి తెలిస్తే సరదా పోతుందని నీ స్నేహితులు అనొచ్చు. వాళ్లకు పోతుందేమో, నీలాంటి వాళ్లకు సరదా అక్కడే మొదలవుతుంది.

అసలు పొలంలో ఈ దెయ్యాలేమిటని మీ అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. కారణం మన రైతుకు అర్థమయ్యేదే. పంట చేతికొచ్చాక నేల ఖాళీగా ఉంటుంది, అప్పులు మాత్రం ఖాళీగా ఉండవు. కాలిఫోర్నియాలో వాల్టర్ నాట్ అనే రైతు బెర్రీ పళ్లు పండించి రోడ్డు పక్కన అమ్ముకునేవాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1934లో, ఆయన భార్య కొర్డీలియా తన పెళ్లినాటి పింగాణీ పళ్లాల్లో ఎనిమిది మందికి వేయించిన కోడితో భోజనం వడ్డించింది. తినడానికి వచ్చే జనం పెరిగి, వాళ్లు వేచి ఉండేచోట కాలక్షేపానికని 1940లో పాతకాలపు ఊరొకటి కట్టడం మొదలుపెట్టారు. 1973 నుంచి అక్కడే హాలోవీన్ దెయ్యాల రాత్రులు జరుపుతున్నారు. నాట్స్ బెర్రీ ఫార్మ్ అంటే ఇప్పుడు దేశమంతా తెలుసు. మీకు దగ్గర్లోని పెన్సిల్వేనియాలో, ఆన్‌విల్ అనే ఊళ్లో, 1993లో మొక్కజొన్న చేలో దారులు కోసి చిక్కుదారి తయారుచేశారు. ఆ తర్వాత ఊరూరా రైతులు అదే బాట పట్టారు. గుమ్మడికాయలు అమ్మి, గడ్డిబండి ఎక్కించి, చేలో తిప్పి, చీకటి పడ్డాక భయపెట్టి నాలుగు డబ్బులు కళ్లజూస్తున్నారు. మన నూజివీడు రసాలు పండించే రైతుకు కాయ దిగుబడి తప్పిన ఏడు ఇలాంటి ఆదరువు ఒక్కటీ లేదు కదా అని తాతయ్యకు అనిపించింది.

గుమ్మడికాయ సంగతి వచ్చింది కాబట్టి తాతయ్య ఒకటి గుర్తుచేస్తాడు. మన వీధి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ మీద కోరలు, గుడ్లురిమే కళ్లు వేయించాం, చూశావుగా. చిన్నప్పుడు నువ్వు దాని కిందనుంచి పరుగెత్తేదానివి. ఐర్లాండు వాళ్లు దుంపల్ని తొలిచి భయంకరమైన ముఖాలు చెక్కేవాళ్లు. అమెరికా చేరాక ఆ దుంప స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది. వాళ్లదీ మనదీ ఒకే నమ్మకం, చెడును భయపెట్టి ఇంటి బయటే ఆపాలని. ఆ రాత్రి దారి పొడుగునా వెలిగే ముఖాలు నిన్ను తరమడానికి పుట్టినవి కావు.

ఇక వెళ్లాలా వద్దా అన్నది. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో వినోదం కోసం పడే భయాన్నే చదివే పరిశోధకులున్నారు. మథియాస్ క్లాసెన్, ఆయన సహచరులు దెయ్యాల ఇంటికి వచ్చినవాళ్లను పరిశీలించి 2019లో ఒక వ్యాసం ప్రచురించారు. కొందరు భయాన్ని వీలైనంత పెంచుకోవాలని చూస్తారు. కొందరు పిడికిలి బిగించి, కళ్లు పక్కకు తిప్పి, "ఇదంతా వేషం" అని తమకు తాము చెప్పుకుంటూ తగ్గించుకుంటారు. బయటికొచ్చాక తృప్తి ఎంతని అడిగితే రెండు జట్లూ దాదాపు ఒకేలా చెప్పాయి. అదే బృందం మరోసారి 110 మందికి గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచే పరికరాలు కట్టి లోపలికి పంపింది. భయం మరీ తక్కువైతే చప్పగా ఉందన్నారు, మరీ ఎక్కువైతే నచ్చలేదన్నారు. మధ్యలో ఉన్నప్పుడే ఆనందం. ఆ మధ్య గీత ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది. కళ్లు మూసుకోవడం పిరికితనమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

నీ గీత ఎక్కడుందో చూసుకోవడానికి పగటి పూట ఒకసారి ఆ ఫారానికి వెళ్లు. చాలాచోట్ల పగలు చిన్నపిల్లల కోసం గడ్డిబండి, చిక్కుదారి నడుస్తాయి, వేషగాళ్లు ఉండరు. దారి, గేటు, బాత్రూములు, మట్టి ఎంత మెత్తగా ఉందో, అన్నీ చూసుకో. రాత్రి వెళ్లేనాడు తలుపులు తెరిచే వేళకే చేరండి. చీకటి చిక్కబడక ముందు, జనం పలచగా ఉన్నప్పుడు అయిపోతుంది. కడుపు నిండా కాకుండా ఏదైనా కాస్త తిని వెళ్లు. గట్టి బూట్లు వేసుకో, అక్టోబరు చలికి స్వెట్టరు మరవకు. వరసలో మొదటా చివరా నిలబడకు, ఇద్దరి మధ్య నడువు. మరీ భయమేస్తే ముందువాళ్ల వీపు మీద చూపు నిలుపు, ఊపిరి లోపలికి తీసుకున్న దానికన్నా నెమ్మదిగా వదులు. ఎనిమిదేళ్లప్పుడు తాతయ్య అర్జునుడి పది పేర్లు వల్లించుకునేవాడు, నువ్వు ఆంజనేయ దండకం వల్లించుకో. ఎవరూ వినరు, విన్నా ఫరవాలేదు.

టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదువు. వేషగాళ్లు ముట్టుకుంటారా, ముట్టుకోరా అన్నది ముఖ్యం. ముట్టుకుంటామని, ముందే సంతకం పెట్టాలని అంటే అది నీకు తగిన చోటు కాదు, నిక్కచ్చిగా మానెయ్యి. మీ రూమ్మేటుకు ఆస్తమా ఉందన్నావు. పొగ గదుల విషయం ముందే అడిగి, ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోమను. మూర్ఛ ఉన్నవాళ్లు టపటపా కొట్టుకునే స్ట్రోబ్ లైట్ల జోలికి పోకూడదు. భయంలో చెయ్యి విసరకు, ఆ ముసుగులో ఉన్నది పాకెట్ మనీ కోసం పనిచేసే కాలేజీ కుర్రాడు కావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం తాతయ్య మాట జవదాటకు. మీ రాష్ట్రంలోనే, జాక్సన్ టౌన్‌షిప్‌లోని ఒక వినోద పార్కులో 1984 మే 11న దెయ్యాల కోట తగలబడి 8 మంది టీనేజి పిల్లలు చనిపోయారు. ట్రైలర్ పెట్టెలు కలిపి కట్టిన చీకటి దారి అది, మంటలు ఆర్పే స్ప్రింక్లర్లు లేవు. ఆ తర్వాతే ఇలాంటి కట్టడాలకు నిబంధనలు గట్టిపడ్డాయి. కాబట్టి లోపలికి అడుగుపెట్టగానే ఎగ్జిట్ గుర్తు ఎక్కడుందో చూడు. లోపల ఎవరైనా లైటర్ వెలిగిస్తే వెంటనే సిబ్బందికి చెప్పు. నిజమైన పొగ వాసన వచ్చినా, నీకు ఊపిరాడనట్టు అనిపించినా, వేషంలో ఉన్నవాణ్ణే ఆపి "నేను బయటికి వెళ్లాలి" అని గట్టిగా చెప్పు. సగం దారిలో బయటికి తీసుకురావడం వాళ్ల పనిలో భాగమే.

ఇదంతా చదివాక కూడా మనసు ఒప్పుకోకపోతే వెళ్లకు. టికెట్ డబ్బులు పోతే పోనీ. వాళ్లు బయటికొచ్చేదాకా వేడి యాపిల్ సైడర్ తాగుతూ గేటు దగ్గర కూర్చో, అరుపులు విను, వాళ్లు వచ్చాక కథలన్నీ చెప్పించుకో. హరిశ్చంద్ర కాటి సీను రాగానే మీ అమ్మమ్మ ఇప్పటికీ లేచి మంచినీళ్లకు వెళ్తుంది. పద్యాలు మాత్రం తలుపు చాటునుంచి వింటుంది.

వెళ్లినా మానినా ఆ రాత్రి ఫోను చెయ్యి. అక్కడ రాత్రి 10 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 7.30. ఆ వేళకు తాతయ్య అరుగు మీదే ఉంటాడు, అమ్మమ్మ కూడా స్పీకర్ పెట్టమని పక్కన చేరుతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య