మామ కారు టైరు, నా 67.5 పీఎస్ఐ

మొన్న మే నెలలో మా మామతో కలిసి తిరుచానూరు నుంచి చెన్నైకి కారులో వెళ్ళాను. పొద్దున్నే ఇంటి దగ్గర టైర్లకు 30 పీఎస్ఐ గాలి కొట్టించాడు. మధ్యాహ్నం ఎండలో బయల్దేరి, పుత్తూరులో టీకి ఆగాం. పక్కనే పంచర్ షాపులో చూపిస్తే గేజ్ మీద 35!

"ఏమిరా, గాలి ఎక్కువైపోయినాది. తీసేద్దామా?" అన్నాడు మామ. ఇంజనీరింగ్ చదివే అల్లుడిని కదా, "తీసెయ్ మామా" అన్నా. 30కి తగ్గించాం.

రాత్రికి తిరిగొచ్చి, మర్నాడు పొద్దున చూస్తే 25. పంచర్ ఏమీ లేదు. మరి గాలి ఎక్కడికి పోయినట్టు?

ఇంటర్‌లో బట్టీ పట్టిన సూత్రం గుర్తొచ్చింది. ఘనపరిమాణం మారకపోతే వాయు పీడనం ఉష్ణోగ్రతతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పొద్దున 28 డిగ్రీలు, దారిలో టైరులోని గాలి 63 డిగ్రీలు అనుకుని పైథాన్‌లో రెండు లైన్లు రాశా. జవాబు 67.5 పీఎస్ఐ!

నేను చేసిన తప్పులు రెండు. ఒకటి, సెల్సియస్ వాడటం. సున్నా సెల్సియస్ దగ్గర మంచు కరుగుతుందే గానీ గాలి అణువులు ఆగిపోవు. అందుకే కెల్విన్‌లో లెక్కెయ్యాలి: 301, 336. రెండు, గేజ్ చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఉందో అంతే. దానికి బయటి పీడనం 14.7 కలపాలి. 44.7ని 336తో గుణించి 301తో భాగిస్తే దాదాపు 50. అందులో 14.7 తీసేస్తే 35. పుత్తూరు గేజ్ చెప్పింది నిజమే!

ఇప్పుడు టైరు లోపలికి వెళ్దాం. 28 డిగ్రీల దగ్గర నైట్రోజన్ అణువు వేగం సగటున సెకనుకు సుమారు 520 మీటర్లు. 63 దగ్గర 550. పెరిగింది దాదాపు 6 శాతమే. కానీ ప్రతి అణువూ టైరు గోడను 6 శాతం గట్టిగా కొడుతుంది, 6 శాతం ఎక్కువసార్లు కూడా కొడుతుంది. రెండూ కలిసి పీడనం దాదాపు 12 శాతం పెరుగుతుంది. అంటే గాలి ఎక్కువ కాలేదు, ఉన్న అణువులే జోరు మీదున్నాయి. మేము ఆ అణువుల్నే కొన్ని బయటికి పంపేశాం. చల్లారాక మిగిలింది 25.

ఇది పరీక్షలో మార్కులు పోయే తప్పు మాత్రమే కాదు. గాలి తక్కువున్న టైరు తిరిగేటప్పుడు ఎక్కువ నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, హైవే మీద పేలిపోవచ్చు కూడా. ఆ టైర్లతోనే మేము చెన్నై దాకా వెళ్ళొచ్చాం.

కాబట్టి ఫ్రెండ్స్, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోండి. వేడి మీద గేజ్ ఎక్కువ చూపిస్తే గాలి తీసెయ్యకండి. మామకు ఇదంతా చెబితే ఒకే మాట అన్నాడు: "ఇది పుత్తూరులోనే చెప్పుంటే బాగుండేది గదరా!"