తడిచెత్తలో సూక్ష్మజీవుల సేద్యం

2012లో మావళ్లిపుర చెత్తగుట్ట మూతపడినప్పుడు బెంగళూరు వీధుల్లో చెత్త పేరుకుపోయింది. తమ నీరు కలుషితమవుతున్నదన్నదే ఆ గ్రామస్థుల ఆవేదన. వంటింటి తొక్కలు అంతటి హాని ఎలా చేయగలవు?

గాలి ఆడటంలోనే భేదమంతా ఉంది. గాలి ఆడే కుప్పలో మొదట సాధారణ బ్యాక్టీరియా చక్కెరలను, పిండిపదార్థాలను కరిగిస్తుంది. అప్పుడు పుట్టిన వేడి 40 డిగ్రీలు దాటగానే, ఉష్ణాన్ని ఓర్చే జాతులు ఆ పనిని అందుకుంటాయి. పెద్ద కుప్పలలో 55 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే రోగకారక క్రిములు చాలావరకు నశిస్తాయి. చల్లారిన కుప్పలో శిలీంధ్రాలు, ఆక్టినోబ్యాక్టీరియా గట్టి పీచును జీర్ణం చేస్తాయి. తొలకరి మట్టివాసనకు మూలమైన జియోస్మిన్ ఈ ఆక్టినోబ్యాక్టీరియా నుండే వస్తుంది. పక్వమైన ఎరువుకు ఆ వాసనే గుర్తు.

ప్లాస్టిక్ సంచిలో ముడివేసిన చెత్తకు గాలి అందదు. అందులో గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పెరిగి దుర్వాసనను, మండే స్వభావం గల మీథేన్‌ను పుట్టిస్తాయి. గుట్ట నుండి ఊరిన మురికినీరు భూగర్భజలంలో కలుస్తుంది.

కనుక తడిచెత్తను వేరుచేసి, ఎండుటాకులనో కొబ్బరిపొట్టునో కలిపి, అప్పుడప్పుడు తిరగవేయాలి. మిగిలిన సేద్యం సూక్ష్మజీవులదే. వేరుచేయని చెత్త భారాన్ని మోయవలసినది నగరం అంచున ఉన్న మరొక గ్రామం.