యుద్ధం ఆగినా ఆగని ఖర్చు



కళింగపట్నం నుంచీ, చుట్టుపక్కల విచారణల నుంచీ మన యువకులు విశాఖ వెళ్లి నౌకాదళంలోనో, డాక్‌యార్డులోనో పని వెతుక్కుంటారు. కనుక ఆయుధాల ఖర్చు ఢిల్లీ పెద్దల విషయం మాత్రమే కాదు, మన ఇంటి అన్నంతో ముడిపడిన విషయం.

విశాఖ ఓడల కర్మాగారాన్నే తీసుకోండి. 1941లో సింధియా కంపెనీ దానికి పునాది వేసింది. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. 1948లో నెహ్రూగారు ఆ కర్మాగారంలో తయారైన ‘జల ఉష’ అనే సరుకు ఓడను జలప్రవేశం చేయించారు. అంటే అది వర్తకం కోసం పుట్టిన కర్మాగారం.

తరువాత యుద్ధాలు వచ్చాయి. 1962 చైనా యుద్ధం తరువాత రెండేళ్లలోనే మన రక్షణ వ్యయం రెట్టింపు దాటింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. 2009లో అణు జలాంతర్గామి అరిహంత్ విశాఖలోనే నీట దిగింది. 2010లో పై కర్మాగారం రక్షణశాఖ కిందికి వెళ్లింది.

యుద్ధం ముగిసినా ఖర్చు ఎందుకు తగ్గదు? కట్టిన కర్మాగారానికి ఆర్డర్లు కావాలి, కార్మికులకు జీతాలు కావాలి. మన ఓడను చూసి పొరుగుదేశం మరో ఓడ కడుతుంది. దానిని చూసి మనం ఇంకొకటి కడతాం.

మరి శ్రీసభ బోధ ఏమిటి? శాంతి మార్గాలన్నీ మూసుకుపోయినప్పుడు ఆత్మరక్షణ దేశానికి హక్కేనని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో ఒప్పుకుంది. ఆయుధాల పోటీ మాత్రం పేదలను తీవ్రంగా గాయపరుస్తుందని హెచ్చరించింది. 1964లో బొంబాయి వచ్చిన ఆరవ పౌలు పోపుగారు, ఆయుధాల ఖర్చులో కొంత తీసి పేదలకు ప్రపంచ నిధి ఏర్పాటు చేయమని కోరారు. 2020లో ఫ్రాన్సిస్ పోపుగారు అదే కోరారు. అయినా 2024లో ప్రపంచ సైనిక వ్యయం సుమారు 2,71,800 కోట్ల డాలర్లని స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ లెక్క.

డాక్‌యార్డులో చెమటోడ్చే సోదరుణ్ణి నిందించడం మన పని కాదు. యుద్ధనౌకకు రేకు అతికే చేతులే సరుకు ఓడకూ అతకగలవు. కత్తులు నాగళ్లయ్యే రోజును యెషయా ప్రవక్త చూసింది ఇందుకే.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోండి:

1. దేశ రక్షణకు ఎంత ఖర్చు చాలు? అది ఎవరు అడగాలి?
2. తుఫానులో వల, పడవ పోగొట్టుకున్న మత్స్యకారుడి భద్రత దేశ భద్రతలో భాగం కాదా?
3. పొరుగువాడితో మన తగాదాలో మనం ముందు దించవలసిన ఆయుధం ఏది?